గడ్డిపెట్టెలో మాత్రలు

“కుందేలుకు విషం పెట్టిన మనిషి ఈ ఇంట్లనే ఉంది మేడం. మీరొచ్చి కొత్తగ తేల్చేదేం లేదు. నిన్ననే నేను తేల్చిన,” అన్నాడు గజేందర్, గేటు సగమే తెరిచి.

“తేలిపోయిన కేసుకు కాపలా ఎందుకు మరి?” అంటూ షీరీన్ ఆ సగం గేటులోంచే లోపలికి నడిచింది.

గజేందర్‌ది జగిత్యాల. దోహా దగ్గరి ఉమ్ సలాల్‌లోని ఈ విల్లాకు సెక్యూరిటీ ఇన్‌చార్జి. ఇంటి యజమానురాలు సుర్రయ్యా ముసలావిడ. ఆమె కొడుకు దుఖాన్‌లో చమురు కంపెనీ ఉద్యోగి. వారానికోసారి వచ్చి వెళ్తాడు. ఆయన లేనప్పుడు ఆయన కళ్ళూ చెవులూ తానేనని గజేందర్ నమ్మకం. ఆ నమ్మకంతోనే నిన్నటి నుంచి మనిషి నిలువునా పొంగిపోయి ఉన్నాడు.

షీరీన్‌ది నిజామాబాద్ దగ్గర బోధన్. దోహాలో ఒక ప్రైవేటు విచారణ సంస్థలో పని చేస్తుంది. ఈ ఇంటికి పనిమనిషిని పంపిన ఆఫీసు వాళ్ళే ఆమెను పురమాయించారు. పనిమనిషి పేరు రమీజా, రాయచోటి మనిషి. ఆరేళ్ళుగా ఇంటికి వెళ్ళలేదు. ఈ రాత్రికి విమానం టికెట్టు ఉంది. ఇంతలో ఇంటి కుందేలు మంచాన పడింది, దాని గడ్డిలో మాత్రలు దొరికాయి. రాత్రి ఇషా నమాజు లోపు నిజం తేలకపోతే పోలీసులకు ఫిర్యాదు చేస్తానని కొడుకు ఫోన్లో చెప్పేశాడు. ఫిర్యాదు పడిందంటే రమీజా ప్రయాణం ఆగిపోతుంది.

“ఇవిగో మాల్,” అని గజేందర్ జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో రెండు గులాబీ రంగు మాత్రలున్నాయి. “గడ్డిల దొరికినయ్. పాపం ముసలి జంతువు, పదేండ్లున్నయ్ దానికి. రెండు రోజుల సంది మేత ముడుతలేదు. డాక్టర్ దగ్గరికి నేనే తీస్కపోయిన.”

“డాక్టర్ విషమన్నడా?”

“కడుపు కదులుడు బందైందన్నడు. ఎందుకు బందైందో చెప్పలేనన్నడు. తీపి ఏమన్న తిన్నదా అని అడిగిండు. తీపేంది మేడం, ఈ ఇంట్ల పెద్దమ్మకు షుగరు, దానికి తోడు గుండె జబ్బు. చక్కెర బుడ్డి కూడ ఉండదు.”

“రమీజాకు కుందేలు మీద పగ దేనికి?”

“లీవు! ఇంతకుముందు రెండుసార్లు టికెట్ బుక్కయింది, రెండుసార్లు క్యాన్సిల్ అయింది. రెండుసార్లూ ఇదే కుందేలు ఇట్లనే పడ్డది. లీవు ఆగిందన్న మంట ఆ మూగజీవి మీద తీస్కున్నది.”

షీరీన్ నడుస్తున్నదల్లా ఆగింది. “మళ్ళ చెప్పు. ముందు లీవు ఆగి తర్వాత కుందేలు పడ్డదా, కుందేలు పడ్డంక లీవు ఆగిందా?”

గజేందర్ నోరు తెరిచి, ఆలోచించి, మూశాడు. “కుందేలు పడ్డంకనే. దాన్ని చూసుకునేది ఆమెనే గద. ‘జబ్బు పడ్డదాన్ని ఇడిచి ఎట్ల పోను’ అని ఆమెనే ఆగింది.”

“అంటే కుందేలు పడితే రమీజాకు నష్టం. తనకు నష్టమొచ్చే పని మూడోసారి కూడా చేసిందంటవ్.”

“అట్లంటే ఎట్ల మేడం...”

“ఇంకోటి. కుందేలుకు విషం పెట్టిన మనిషి అంటున్నవ్ కదా, మరి పెద్దమ్మకు మాత్రలు ఎవరిస్తున్నరు?”

“రమీజానే,” అన్నాడు గజేందర్, గొంతు తగ్గించి. “వేరేటోళ్ళకు ఏది ఎప్పుడియ్యాల్నో తెల్వది.”

“సబాష్. కుందేలు దగ్గరికి పోనియ్యవు గానీ పెద్దమ్మ నోటికి మాత్రం ఆ చెయ్యే పనికొస్తది. ఆమె పాస్‌పోర్ట్ ఎక్కడుంది?”

అతని చెయ్యి తనకు తెలియకుండానే షర్టు జేబు మీదికి వెళ్ళింది. షీరీన్ అది చూసి వంటగది వైపు నడిచింది.

రమీజా వంటగదిలో గోడకానుకుని కూర్చుని ఉంది. పక్కనే తాడుతో గట్టిగా బిగించిన అట్టపెట్టె, దాని మీద పెద్ద అక్షరాలతో ఊరు పేరు. ముప్పై రెండేళ్ళ మనిషి, ముఖం చూస్తే నలభై దాటినట్టుంది. షీరీన్‌ను చూసి లేవబోతే, వద్దని తనే పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“పెట్టెలో ఏమున్నయ్?” అని మొదలుపెట్టింది షీరీన్.

“పాపకు గౌన్లు మేడం. కొల్త తెల్దు నాకు. వాళ్ళ పిన్నమ్మను అడిగి కొన్యా.” రమీజా తాడు ముడిని వేలితో సవరించింది. “నేనొచ్చినప్పుడు పాలు తాగే బిడ్డ. ఇప్పుడు బడికి పోతాంది. మా చెల్లెల్నే అమ్మీ అంటాది. ఫోన్లో నన్ను సూపిస్తే సిగ్గుపడి పారిపోతాది. ఈ మధ్య ఫోను కాడికే రాలేదు.”

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. చాలాసార్లు తనలో తాను చెప్పుకుని అరగదీసిన మాటలా వచ్చింది. షీరీన్‌కు తన సంగతి గుర్తొచ్చింది. అమ్మ పోయాక తననూ వరస పెట్టి పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. ఈ దేశంలో తన భాష చెవిన పడేదల్లా ఇలాంటి విచారణల్లోనే, ఎవరో ఒకరు ఏడుస్తూనో అబద్ధమాడుతూనో ఉన్నప్పుడు. ఇంటికి వెళ్ళాలన్న కోరిక ఎంత బరువుంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“సుక్కర్‌కు నువ్వేం పెడుతవ్ రోజూ?” అని అడిగింది. సుక్కర్ అంటే ఆ కుందేలు. చక్కెరలా తెల్లగా ఉందని పెద్దావిడ పెట్టిన పేరు.

“ఎండుగడ్డి, కొంచెం కొత్తిమీర. ముసలిది కదా మేడం, పండ్లు అరిగినాయ్, సన్నంగా తుంచి పెడ్తా. పొద్దన లేస్తూనే దాని పెంటికలు సూస్తా. అవి గుండ్రంగా, పొడిగా ఉంటే కడుపు బాగుండాదని లెక్క. సిన్నగైనా, మెత్తగా ముద్దయినా ఏదో తేడా అని లెక్క.”

“ఈసారి ఎట్లున్నయ్?”

“మొన్న మెత్తగా ఉన్నాయ్. నిన్నట్నుంచి నన్ను దాని దడి కాడికి పోనియ్యల్యా.”

“ఎందుకు మెత్తబడ్డయో తెలుసా నీకు?”

రమీజా తల దించుకుంది. “తెల్దు మేడం.”

అప్పటిదాకా అడిగినదానికి రెండింతలు చెప్పిన మనిషి రెండు మాటలతో సరిపెట్టింది. ఈమెకు తెలుసు అనుకుంది షీరీన్. తన మెడకు ఉరి బిగుస్తున్నా ఎవరినో కాపాడుతోంది. ఎవరిని?

బయట కారు తుడుస్తున్న డ్రైవర్ చిన్నప్పను పిలిచింది. రమీజా ఊరి పక్కవాడే. చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ కళ్ళు మాత్రం నిలకడగా లేవు.

“ఖర్జూరాలు తెచ్చింది నువ్వేనా?” అంది షీరీన్, డాక్టర్ అడిగిన తీపి మాట గుర్తుపెట్టుకుని, చీకట్లో రాయి వేస్తూ.

చిన్నప్ప ముఖంలో రంగు మారింది. “యా ఖర్జూరాలు మేడం?”

“పోలీసులు అడిగితే కూడా ఇట్లనే అడుగుతవా?”

“పెద్దమ్మ తెమ్మనింది, తెచ్చినా. డబ్బా చిన్నది. రమీజాకు సెప్పాకు అనింది. పెద్దామె, ఆశపడింది, ఒకటి తింటే ఏమైతాదిలే అనుకున్యా. అంతే మేడం, నా బిడ్డల మీదొట్టు.”

“టికెట్ బుక్కయినంక అడిగిందా, ముందా?”

అతను వేళ్ళు ముడుచుకుని లెక్క చూసుకున్నాడు. “టికెట్ వచ్చిన మర్సనాడు మేడం. పోయినసారి కూడా అట్లే.” అనేశాక తన మాట తనకే కొత్తగా వినపడినట్టు నోరు తెరిచి ఉండిపోయాడు.

సుక్కర్ ఉండేది పెద్దావిడ గదిలోనే. కిటికీ పక్క వెడల్పాటి వాలుకుర్చీ, కుర్చీ చెయ్యికి ఆనుకుని తక్కువ ఎత్తు దడి, దడి లోపల గోడకు బిగించిన చెక్క గడ్డిపెట్టె. కుందేలు ఒక మూల ఒదిగి, కాళ్ళు కడుపు కిందికి లాక్కుని కూర్చుంది. నొప్పికి పళ్ళు నూరుతున్న సన్నటి చప్పుడు వినిపిస్తోంది. సుర్రయ్యా కుర్చీలో వెనక్కి వాలి, వీపు వెనక మూడు దిండ్లు పెట్టుకుని ఉంది.

“రా పాపా. కూర్చో,” అంది.

అరబ్బు ముసలావిడ నోట రాయచోటి పిలుపు విని షీరీన్ ఒక్క క్షణం ఎందుకొచ్చిందో మరిచిపోయింది. ఆరేళ్ళు రమీజా పక్కన మసలి నేర్చుకున్న తెలుగు. ఏ వరసా లేని మనిషి పాపా అంటే కళ్ళలో నీళ్ళు తిరిగేంత వెలితి తనలో ఉందని ఆమె అనుకోలేదు. ఆవిడ కునుకులోకి జారుకోగానే తనను తాను తిట్టుకుని పనిలో పడింది.

మోకాళ్ళ మీద కూర్చుని కుందేలు పొట్ట కింద చెయ్యి పెట్టి చూసింది. ఉబ్బి, బిగుసుకుని ఉంది. దడిలో పెంటికలు లేవు. గదవ కింద బొచ్చు మాత్రం బంకబంకగా అట్టకట్టింది. వేలితో రాసి వాసన చూసింది. ఖర్జూరం.

“గజేందర్, నీకు దండం పెట్టాలె,” అంది గుమ్మంలో నిలబడ్డ అతనితో.

“ఎందుకు మేడం?”

“రమీజాను దీని దగ్గరికి రానియ్యలేదు. వచ్చుంటే దీని గదవ తుడిచేసేది. సాక్ష్యం పోయేది.”

గజేందర్‌కు అది పొగడ్తో తిట్టో అర్థం కాలేదు. షీరీన్ అతని చేతిలోని కవరు తీసుకుని మాత్రలను వెలుతురుకు పెట్టింది.

“ఇటు చూడు. కుందేలు కొరికితే పంటి గాట్లుండాలె. ఒక్కటన్న ఉందా? ఒకవైపు పూత మాత్రం కరిగి తెల్లబడ్డది. ఇది నాలుక మీద కొంచెం సేపున్న మాత్ర. మనిషి నాలుక మీద.”

“మనిషి నోట్లకెళ్ళి గడ్డిలకు ఎట్లొస్తది మేడం?”

షీరీన్ గడ్డిపెట్టెను రెండు చేతులా పట్టుకుని గోడ నుంచి కొంచెం లాగింది. పెట్టెకూ గోడకూ మధ్య సందులో ఏదో గలగలమంది. ఫోను వెలుగులో చూస్తే సందు అడుగున గుప్పెడు మాత్రలున్నాయి. గులాబీవి, పసుపువి, సగం కరిగి ఒకదానికొకటి అతుక్కున్నవి. పైన గడ్డి రోజూ మార్చే మనిషికి ఆ సందు కనపడదు. గజేందర్‌కు దొరికిన రెండూ జారిపడకుండా గడ్డిలో చిక్కుకున్నవి మాత్రమే.

షీరీన్ తల తిప్పి, పొడవాటి గౌను అంచు కింద దాచుకున్న సుర్రయ్యా కాళ్ళ వైపు చూసింది. చెప్పులు పక్కన పడి ఉన్నాయి. ఆ పాదాలు ఇప్పుడు ఆ చెప్పుల్లో పట్టవు. ఉబ్బి, చర్మం మెరుస్తోంది. మూడు దిండ్లు ఎందుకో అప్పుడర్థమైంది. పడుకుంటే ఊపిరి ఆడదు.

అప్పుడే సాయంత్రపు మగ్రిబ్ అజాన్ వినిపించింది. మూలన రాయిలా కూర్చున్న సుక్కర్ చెవులు లేచాయి. నొప్పితో ఉన్న ఆ జంతువు మెల్లగా తల తిప్పి కుర్చీ వైపు చూసింది, అజాన్ వేళకు అక్కడి నుంచి ఏదో అందే అలవాటున్నట్టు.

“గజేందర్, రమీజాను పిలువు. ఎప్పటిలెక్కనే చెయ్యమను. నువ్వు బయటుండు,” అని షీరీన్ గడ్డిపెట్టె పక్కన నేల మీద ఒదిగింది.

రమీజా వచ్చి పెద్దావిడను లేపింది. పెద్దావిడ అరచేతిలో మాత్ర పెట్టి, నీళ్ళ గ్లాసు అందించింది. ఆమె గుటక వెయ్యడం చూసి, గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. చాప పరిచి, కుర్చీకి వీపు చేసి నమాజుకు నిలబడింది. ఆరేళ్ళుగా ఇదే పద్ధతి. మందు ఇచ్చాక నమాజు, నమాజు అయ్యాక భోజనం. నమాజులో నిలబడ్డ మనిషి వెనక్కి తిరగదు, మధ్యలో ఆపదు. ఈ ఇంట్లో ఎవరూ చూడని సమయం అదొక్కటే.

సుర్రయ్యా చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. అక్కడి నుంచి దడి మీదుగా గడ్డిపెట్టె వైపు జరిగింది. వేళ్ళు విడిచిన మాత్ర గడ్డిలో పడలేదు. కింద చాచి ఉన్న షీరీన్ అరచేతిలో పడింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముసలావిడ కళ్ళలో బెదురు లేదు. దొరికిపోయిన పిల్లలకుండే అలక మాత్రం ఉంది.

“ఎందుకమ్మా?” అంది షీరీన్ గుసగుసగా.

“రెండుసార్లు సుక్కర్ పడుకునింది. రమీజా ఆగింది. ఖర్జూరం ఒకటి, రెండు. చిన్న నొప్పి అంతే, మళ్ళీ లేస్తాది.” సుర్రయ్యా మధ్యలో ఆగి గాలి పీల్చుకుంది. “ఈసారి సుక్కర్ పడుకుంటే కూడా పోతా అనింది. ఖలాస్. సుక్కర్ చాలదు. నేను పడుకోవాల.”

“మాత్రలు మానేస్తే ఏమవుతుందో తెలుసా మీకు?”

“తెలుసు. ఆమె పోతే ఏమైతాదో కూడా తెలుసు. నా కొడుకు మంచోడు. ఫోన్ చేస్తాడు. ఈ గదిలో మాట్లాడేది ఎవరు పాపా? నా చెయ్యి పట్టుకునేది ఎవరు?”

షీరీన్ చేతిలోని మాత్రను కవరులో వేసింది. కేసు తేలిపోయింది. నేరస్థురాలు ఎదురుగా ఉంది, ఆమె మీద కోపం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

చాప మీద రమీజా నేలకు నుదురు ఆనించిన సజ్దా నుంచి లేచి కూర్చుంది. కుడివైపు సలాం చెప్పింది. ఎడమవైపు సలాం చెప్పింది. వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

“ఖర్జూరాల సంగతి నాకు ఎరికే మేడం. మొదటిసారే తెలిసిపోయింది. దాని గదవ నేనే తుడిసినా.”

షీరీన్ ఉలిక్కిపడింది. “తెలిసీ టికెట్ ఎందుకు పోగొట్టుకున్నవ్?”

“నాక్కూడా భయమే. పోయినాక నా బిడ్డ నన్ను సూసి మా చెల్లెలు ఎనక దాంకుంటే ఏం సేసేది? ఈడ నన్ను పోవద్దనే మనిషి ఒకరుండారు. ఆడ రమ్మనే మనిషి ఉండాదో లేదో తెల్దు. అందుకే సుక్కర్ మీద నెపం పెట్టి ఆగినా.” రమీజా ఇటు తిరిగింది. ముఖమంతా తడిసి ఉంది. “చెప్తే వాళ్ళ కొడుకు పెద్దమ్మను దుఖాన్‌కు తీస్కపోతాడు, ఈ ఇల్లు మూసేస్తాడు. అందుకే నోరు తెరవల్యా. మాత్రల సంగతి మాత్రం అల్లా మీదొట్టు, నాకు తెల్దు. తెలిసుంటే...” అని లేచి సుర్రయ్యా పాదం పట్టుకుంది. వేలు నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. “యా అల్లా. ఎన్ని దినాల్నుంచమ్మా?”

సుర్రయ్యా బదులివ్వబోయింది. మాట బదులు దగ్గు వచ్చింది. దగ్గు ఆగలేదు. పెదాల రంగు మారింది. లోపల నీళ్ళు మరుగుతున్నట్టు ఊపిరి చప్పుడు చేసింది.

“గజేందర్! అంబులెన్స్!” అని షీరీన్ కేకేసింది.

ఆ తర్వాత అంతా ఉరుకుల పరుగులే. గజేందర్ ఫోన్ చేశాడు. షీరీన్ దుఖాన్‌కు ఫోన్ కలిపి, విషం లేదు, నేరం లేదు, ఫిర్యాదు మాట మళ్ళీ ఎత్తకండి, ముందు ఆసుపత్రికి రండి అని ఆ కొడుక్కు గట్టిగా చెప్పింది. అవతల ఆయన ఏడుపు వినిపించింది. గజేందర్ అడక్కుండానే జేబులోంచి పాస్‌పోర్ట్ తీసి రమీజా చేతిలో పెట్టాడు.

“తప్పయింది చెల్లే,” అన్నాడు తలొంచుకుని.

“తప్పుకు శిక్ష ఉంది,” అని షీరీన్ కుందేలు కోసం డాక్టరిచ్చిన సిరంజీ, గడ్డిపొడి ముద్ద అతని ముందు పెట్టింది. “సుక్కర్ ఇప్పుడు నీ డ్యూటీ. రమీజా చూపిస్తది. దవడ పక్క నుంచి కొంచెం కొంచెం పట్టియ్యి. పొట్ట మెల్లగ రుద్దు. పెంటికె వేసేదాక నిద్రపోకు.”

అంబులెన్స్ మనుషులు ఆక్సిజన్ పెట్టి సుర్రయ్యాను స్ట్రెచర్ మీదికి ఎక్కించారు. మాత్రల పేర్లన్నీ రమీజాయే చెప్పింది. వాకిట్లో చిన్నప్ప కారు స్టార్ట్ చేసి ఉంచాడు. అట్టపెట్టె డిక్కీలో ఉంది. ఇప్పుడు బయలుదేరకపోతే విమానం దొరకదు.

“నేను ఆస్పత్రికి వస్తా. టికెట్ పోతే పోనీ,” అంది రమీజా.

సుర్రయ్యా మాస్కు కాస్త పక్కకు జరిపింది. “పో పాపా. నీ బిడ్డ దగ్గరికి పో,” అంది.

నోరు పొమ్మంటోంది గానీ పిడికిలి రమీజా చున్నీ కొంగును వదల్లేదు. ఆ వేళ్ళలో అంత బలం ఎక్కడిదో అంబులెన్స్ మనుషులకే అర్థం కాలేదు. రమీజా లాక్కోలేక, ఉండలేక, అలా వంగి నిలబడిపోయింది.

షీరీన్ ముందుకొచ్చింది. ఒక్కో వేలూ మెల్లగా విప్పి కొంగు విడిపించింది. ఖాళీ అయిన పిడికిలిలో తన చెయ్యి పెట్టింది.

“నడువు రమీజా. వెనక్కి చూడకు,” అంది.

కారు గేటు దాటింది. షీరీన్ ఎక్కాక అంబులెన్స్ తలుపులు మూసుకున్నాయి. దారిలో గజేందర్ ఫోన్ చేసి, “మేడం, ఏసింది! చిన్నయే గానీ మూడు పెంటికలు ఏసింది!” అని అరిచాడు. షీరీన్ ఆ మాట వంగి చెప్పింది గానీ సుర్రయ్యాకు వినపడినట్టు లేదు. కళ్ళు మూతలు పడుతున్నాయి. తలవైపున్న యంత్రం మోత వేగం పెంచింది, డ్రైవర్ సైరన్ వేశాడు.

“రమీజా?” అంది ముసలావిడ మాస్కు లోపలి నుంచి. “రమీజా, పోయినావా?”

షీరీన్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మాట్లాడని రమీజా యాసలో జవాబు చెప్పింది.

“యాడికీ పోలేదమ్మా. ఈడ్నే ఉండా.”